ఒక ఉత్తరం, మూడు రహస్యాలు: పర్లాకిమిడి నుంచి ఒక స్పానిష్ పాఠం కేస్ స్టడీ

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసే ఇంటి అమ్మాయి ఒకామె నా దగ్గర ఏడాదిన్నరగా స్పానిష్ నేర్చుకుంటోంది. డిగ్రీ అయిపోయింది. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ నిర్వహించే స్పానిష్ పరీక్ష దెలేలో బీ2 స్థాయి రాయాలని పట్టుదల. ఆరు మెట్లలో నాలుగోది అది. ఆ స్థాయిలో తప్పుల్లేని వాక్యం రాస్తే సరిపోదు, అనుకున్న మాటే పాఠకుడికి చేరాలి. రాత అలవాటవుతుందని స్పెయిన్‌లో బయ్యదోలిద్ ఊళ్లో ఉండే ఒక స్పానిష్ ఆవిడతో ఉత్తరాల స్నేహం కుదిర్చాను. ఆమె రిటైరైన టీచరు, ఓపిక ఎక్కువ. ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం చెప్పను.

అమ్మాయి రాసిన మొదటి పెద్ద ఉత్తరంలో మూడు పేరాలున్నాయి. మొదటిది వాళ్ల నాన్న చేసే కొమ్ము పని గురించి: కొమ్ముకు ఆ మెరుపు ఎలా వస్తుందో బయటివాళ్లకు చెప్పరు, అది రహస్యం. రెండోది మహేంద్రగిరి మీది భీముడి గుడి గురించి: అంతంత రాళ్లు ఆ కొండ మీదికి ఎలా చేరాయన్నది రహస్యం. మూడోది వాళ్ల మామ్మ గురించి. మూడు వారాల జ్వరం, రెండు ఊళ్ల డాక్టర్లు, ఎన్నో పరీక్షలు. చివరికి మామ్మ పోయింది, కారణం మాత్రం తేలలేదు. అదీ రహస్యమే. మూడు చోట్లా ఒకటే మాట వాడింది: సెక్రేతో.

పంపే ముందు ఉత్తరం నేను చూశాను. క్రియలు సరిచేశాను, రెండు చోట్ల విభక్తులు మార్చాను. ఈ మాట దగ్గర ఆగలేదు. వ్యాకరణం ప్రకారం మూడు వాక్యాలూ నిలబడతాయి కాబట్టి నా కన్ను జారిపోయింది.

పది రోజులకు జవాబు వచ్చింది. కొమ్ము సంగతి ఆవిడకు సరిగ్గానే అందింది: "మీ నాన్నగారి పని సంగతి నేను అడగను, అది మీ ఇంటి సొత్తు" అని రాసింది. గుడి దగ్గరికొచ్చేసరికి ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ గుడికి విదేశీయుల్ని రానివ్వరా? అక్కడ ఏముందో ఎవరు దాస్తున్నారు? ప్రభుత్వమా, పూజారులా? మూడో పేరాకు జవాబు చాలా ఆప్యాయంగా ఉంది. అమ్మాయిని ఏడిపించిందీ అదే. "మీ నాయనమ్మ జబ్బును ఇంట్లో దాచిపెట్టుకోవాల్సి రావడం ఎంత బరువో నాకు తెలుసు. మా పిన్ని జబ్బు గురించి కూడా మా ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు" అని.

అమ్మాయి ఆ సాయంత్రమే వచ్చింది. "మాస్టారూ, మా మామ్మ రోగం మేం దాచీసినట్టు రాసీసానటండి. మేం దాచనేదు కదా. ఊరంతా తెలుసు. మాకే తెలీనేదు, ఏటి రోగమో."

కేసంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఆ రోజు నాకది వినబడలేదు.

మాట ఎక్కడ జారింది

నా దగ్గర చేరిన కొత్తలో రాసుకున్న ఆమె నోటు పుస్తకం తీయించి చూశాను. "రహస్యం = సెక్రేతో" అని ఉంది. ఆ జాబితా ఇచ్చింది నేనే. తప్పు అక్కడ మొదలైంది.

తెలుగులో రహస్యం విశాలమైన మాట. సంస్కృతంలో రహస్ అంటే ఏకాంతం, నలుగురూ లేని చోటు. అక్కడ జరిగేది రహస్యం. ఆ మూలానికి స్పానిష్ సెక్రేతో దగ్గరి చుట్టమే: లాటిన్‌లో విడదీసి పక్కన పెట్టినదని అర్థం. ఇంతవరకు జాబితా తప్పేమీ కాదు. కానీ తెలుగులో రహస్యం ఆ ఏకాంతం దాటి చాలా దూరం నడిచింది. సృష్టి రహస్యం అంటాం, మరణ రహస్యం అంటాం. అక్కడ ఎవరూ ఏదీ దాచలేదు, మన బుద్ధికి అందడం లేదంతే. సెక్రేతో మామూలుగా అంత దూరం రాదు. అందులో సాధారణంగా ఒక మనిషి ఉంటాడు, అతనికి విషయం తెలుసు, చెప్పడు. బయ్యదోలిద్ ఆవిడ ప్రతి పేరాలోనూ ఆ మనిషి కోసం వెతికింది. కొమ్ము దగ్గర నాన్న దొరికాడు. గుడి దగ్గర పూజారులు కనబడ్డారు. మామ్మ దగ్గర ఆ ఇంటివాళ్లే కనబడ్డారు.

మా గజపతి జిల్లాలో ఈ తేడా చెప్పడానికి మంచి ఉదాహరణ ఒకటుంది, అది నాకు ఆలస్యంగా తట్టింది. ఇక్కడ క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ. క్యాథలిక్కులు జపమాల చెప్పేటప్పుడు సంతోష దేవరహస్యాలు, దుఃఖ దేవరహస్యాలు, మహిమ దేవరహస్యాలు అంటారు. 2002లో పోప్ రెండో జాన్ పాల్ వీటికి వెలుగు దేవరహస్యాలు చేర్చారు. స్పానిష్‌లో ఇవన్నీ మిస్తేరియోస్. ఇక్కడ సెక్రేతో అంటే ఏ స్పానిష్ మనిషీ ఒప్పుకోడు. దేవుడు దాచిపెట్టి నవ్వుకుంటున్నాడని కాదు కదా అర్థం, మనిషి ఎంత తలచినా పూర్తిగా అందనిదని. మిస్తేరియో గ్రీకు నుంచి వచ్చింది. దాని వేరులో మూసుకోవడం అనే అర్థం ఉంది, కళ్లైనా పెదవులైనా. స్పెయిన్ నుంచి విన్సెన్షియన్ అనే క్యాథలిక్ సభ ఫాదర్లు 1922లోనే కటక్ మిషన్‌కి వచ్చారు, గంజాం వైపు పల్లెల్లో పనిచేశారు. దేవరహస్యం, మిస్తేరియో అనే ఈ రెండు మాటలూ వందేళ్ల కిందటే ఈ ప్రాంతంలో పక్కపక్కన కూర్చుని ఉండొచ్చు.

మొదటి ప్రయత్నం

నేను చేసిన మొదటి పని పట్టిక గీయడం. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. సెక్రేతో: దాచినది. మిస్తేరియో: అంతుపట్టనిది. ఎనిగ్మా: తెలివితో విప్పాల్సిన చిక్కు. ఇంకోగ్నిత: తెలియాల్సి ఉన్న అంశం. అర్కానో: లోతైన గూఢం, పాతవాసన ఉన్న మాట, ఇవాళ ఎక్కువగా జోస్యం చెప్పే టారో పేకల దగ్గర వినబడుతుంది. దాని మూలంలో అర్కా, అంటే పెట్టె, ఉంది. మూతవేసిన పెట్టె కాబట్టి నాకా మాట ఇష్టం. ఉత్తరంలో వాడాల్సిన మాట మాత్రం కాదు.

వారం తర్వాత ఆమె తెచ్చిన రాత చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. సెక్రేతో అన్నచోటల్లా మిస్తేరియో వచ్చింది. "మా నాన్న ఒక మిస్తేరియోను దాచుకుంటాడు" అని రాసింది. స్పానిష్‌లో సెక్రేతోను దాచుకుంటారు, మిస్తేరియోను దాచుకోరు. ఎనిగ్మా ముందు ఉనా పెట్టింది, చివర ఆ అని ఉంది కదా, స్త్రీలింగం అనుకుంది. అది పుంలింగం, ఎల్ ఎనిగ్మా. గ్రీకు నుంచి వచ్చిన ప్రొబ్లేమా, తేమా లాంటివి కూడా అంతే. ఇంకోగ్నిత మాత్రం నిజంగానే స్త్రీలింగం. ఈ లింగాల సంగతి ఒక పూటలో కుదిరింది. మాట ఎంచుకోవడం మాత్రం కుదరలేదు. పట్టికలో అర్థాలన్నీ ఆమెకు కంఠతా వచ్చాయి, వాక్యం రాయబోతే చేతికి మొదట తగిలిన మాటే వచ్చేది.

రహస్యం లేకుండా

తర్వాత పాఠంలో ఒక షరతు పెట్టాను. ఆ మూడు పేరాలూ మళ్లీ తెలుగులో రాయాలి. ఇంట్లో మాట్లాడినట్టే రాయాలి. రహస్యం అనే మాట ఒక్కసారి కూడా రాకూడదు.

ఇది నా సొంత తెలివి అని చెప్పుకోను. ఈ ఊళ్లో భాష గురించి ఆలోచించే ఎవరికైనా గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. 1880లో ఇక్కడికి టీచరుగా వచ్చి, కొండ మీది సవరల నోటి వెంట విని వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. పుస్తకంలో మాట కంటే నోట్లో మాటకు ముందు చెవి ఒగ్గాలన్నది ఆయన పట్టు. ఈ అమ్మాయి నోట్లో ఏముందో నేనింకా వినలేదని అప్పుడు తోచింది.

ఆమె రాసుకొచ్చింది చూస్తే పని సగం అయిపోయినట్టే ఉంది. కొమ్ము దగ్గర: "అది మా నాన్న గుట్టు." కొండ దగ్గర: "ఎలాగ ఎక్కించారో అంతు చిక్కదు." మామ్మ దగ్గర: "ఏటి జొరమో తేలనేదు." మూడు పేరాలకు మూడు వేరువేరు మాటలు. స్పానిష్‌లో వెతుకుతున్న విభజన ఆమె ఇంట్లో ముందునుంచే ఉంది. రహస్యం అనే పెద్ద దుప్పటి కప్పి దాన్ని కనబడకుండా చేసింది మేమే, అంటే పాఠాలు చెప్పేవాళ్లం.

ఆ రోజు పేపర్ తెరిచి ఇద్దరం హెడ్డింగులు చదివాం. దొంగనోట్ల ముఠా గుట్టు రట్టు అని వేస్తారు. హత్య కేసుకు వచ్చేసరికి వీడిన మిస్టరీ అంటారు. రెండూ తారుమారు చేసి చదవమన్నాను. "దొంగనోట్ల ముఠా మిస్టరీ వీడింది" అని చదివి ఆగిపోయింది. "అలాగనరండి. ఆళ్లకి తెలుసు కదా ఆళ్లు చేసేది" అంది. గుట్టు రట్టవుతుంది, మిస్టరీ వీడుతుంది, చిక్కుముడి విప్పుతాం. ఏ నామవాచకానికి ఏ క్రియ అతుకుతుందో తెలుగులో ఆమెకు ఎవరూ నేర్పలేదు, అయినా తప్పు పోదు.

అప్పుడు స్పానిష్ క్రియలు ఇచ్చాను, ఒట్టి నామవాచకాలు ఇవ్వలేదు. సెక్రేతోకు గ్వార్దార్, అంటే దాచుకోవడం. కొంతార్, చెప్పడం. రెబెలార్, బయటపెట్టడం. సెక్రేతోను రెసొల్బేర్ చేయరు, అంటే పరిష్కరించరు. మిస్తేరియోను, ఎనిగ్మాను రెసొల్బేర్ చేస్తారు. ఎనిగ్మాకు దెసిఫ్రార్ కూడా అతుకుతుంది, అంటే లిపి చదివినట్టు విప్పడం. ఇంకోగ్నితకు దెస్పెహార్. ఇది లెక్కల మాట. సమీకరణంలో ఎక్స్ విలువ తేల్చడాన్ని స్పానిష్ పిల్లలు దెస్పెహార్ లా ఇంకోగ్నిత అంటారు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ఇంకా తేలలేదంటే అక్కడా ఇదే మాట వాడతారు. లోటు ఒక్క అంకె, అది తెలిసిన రోజున ఇక ఏమీ మిగలదు.

కొమ్ము దగ్గర

మాట నిజంగా కుదిరింది వాళ్ల ఇంటి వసారాలో. చూడాలని అడిగి వెళ్లాను.

వాళ్ల నాన్న గేదె కొమ్ము ఒకటి తీసుకుని నిప్పుల మీద తిప్పుతూ కాచారు. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. కొమ్ము కూడా వెంట్రుక జాతి పదార్థమే, అందుకే ఆ వాసన. కాసేపటికి గుడ్డతో పట్టుకుని వంచితే గట్టి కొమ్ము మెత్తటి కొమ్మలా వంగింది. చల్లారేదాకా అలాగే నొక్కిపట్టారు. కొంగ మెడ వంపు వచ్చింది. నేను కళ్లప్పగించి చూస్తుంటే ఆయన అన్నారు: "ఇందల మర్మం ఏటీ నేదండి. కాగితే వంగుద్ది."

అమ్మాయి వైపు చూశాను. అప్పటికే తనలో తాను గొణుక్కుంటోంది: "నో తియెనె నింగూన్ మిస్తేరియో." సరిగ్గా అదే. ఈ పనిలో పెద్ద కష్టమేమీ లేదు, ఎవరైనా చేయొచ్చు అనడానికి స్పానిష్‌లో అనే మాట అది. మర్మం ఏమీ లేదన్నదానికి అక్షరాలా జోడు. నేను చెప్పలేదు, ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది.

తర్వాత ఆకురాయితో అరగదీశారు. గీతలు పోయేదాకా రుద్దారు. చివర్న గూట్లోంచి మూత ఉన్న చిన్న డబ్బా తీశారు. మాకు వీపు పెట్టి, గుడ్డకు ఏదో అద్దుకుని, ఆ కొంగను రుద్దుతూ కూర్చున్నారు. ఇటు తిరిగేసరికి కొంగ మెడ నల్లగా, నీళ్లలోంచి అప్పుడే లేచినట్టు మెరుస్తోంది. డబ్బా మళ్లీ గూట్లోకి వెళ్లిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఇది సెక్రేతో" అంది అమ్మాయి, చాలా మెల్లగా. ఒకే పని, ఒకే మనిషి, అరగంట తేడా. వంచడంలో మిస్తేరియో లేదు, మెరుపులో సెక్రేతో ఉంది. పట్టిక ఇవ్వలేనిది ఆ డబ్బా ఇచ్చింది. ఇక ఆ రెండు మాటల మధ్య ఆమె తడబడలేదు.

గుడి, మామ్మ

గుడి విషయంలో మా ఇద్దరి మాట కలవలేదు. మహేంద్రగిరి 1,500 మీటర్ల ఎత్తు. పైన భీముడి పేరుతో, ధర్మరాజు పేరుతో, కుంతి పేరుతో పాత రాతి గుళ్లున్నాయి. భీముడి గుడి చిన్నదే, కానీ దాని రాళ్లు చూస్తే ఇంత బరువు ఎలా పేర్చారా అనిపిస్తుంది. నాకైతే అది ఎనిగ్మా. ఎవరో మనుషులు, ఏదో ఉపాయంతో చేశారు. జవాబు ఒకటి ఉంది, తెలివి పెడితే దొరకొచ్చు. ఎనిగ్మా మూలంలో ఉన్నది కూడా పొడుపు మాట చెప్పడమే, మన పొడుపు కథలాగే. పిల్లల పొడుపు కథకు మాత్రం స్పానిష్‌లో అదివినాన్స అని వేరే మాట ఉంది, అది తేలిక.

ఆమె ఒప్పుకోలేదు. చిన్నప్పుడు శివరాత్రికి నాన్న భుజం మీద కొండెక్కిందట. తెల్లవారుజామున మంచులో గుడి ఉందో లేదో తెలియదు, చేయి చాపితే రాయి తగిలింది. "అక్కడ లెక్క కట్టబుద్ధి కాదండి" అంది. ఆమెకది మిస్తేరియో.

ఇద్దరి మాటా స్పానిష్‌లో చెల్లుతుంది. అప్పుడు నేను నేర్చుకున్నది ఇది: వస్తువును చూసి మాట ఎంచుకోకూడదు, వాక్యం దేని గురించో చూసి ఎంచుకోవాలి. రాళ్లు ఎలా ఎక్కాయన్నది వాక్యమైతే ఎనిగ్మా. మంచులో చేతికి తగిలిన రాయి గురించైతే మిస్తేరియో. ఉత్తరంలో ఆమె రెండో వాక్యం రాసుకుంది, నేను ఆ పేరా ముట్టుకోలేదు.

మామ్మ పేరా దగ్గర చాలాసేపు కూర్చున్నాం. మిస్తేరియో పెట్టొచ్చా? వ్యాకరణం అడ్డు చెప్పదు. స్పానిష్ వాళ్లూ అంటారు, అతని చావు ఒక మిస్తేరియో అని. ఆమె రాసింది, చదువుకుంది, కొట్టేసింది. "కథలాగుందండి. మా మామ్మ కథ కాదు." ఎనిగ్మా మరీ చల్లగా ఉంది, డాక్టర్లు కాన్ఫరెన్స్‌లో మాట్లాడుకున్నట్టు. ఇంకోగ్నిత అంటే ఎప్పటికైనా తేలుతుందని ఆశ ఉండాలి. ఇక్కడ అది ముగిసిపోయింది.

అప్పుడు ఆమె ఇంటి వాక్యం మళ్లీ చదివించాను. "ఏటి జొరమో తేలనేదు." అందులో రహస్యానికి సరిపడే నామవాచకమే లేదు. తెలుగులో లేనిదాన్ని స్పానిష్‌లో ఎందుకు పెట్టాలి? నూంక సుపీమోస్ కే తెనీయా. ఆమెకు ఏమైందో మాకు ఎప్పటికీ తెలియలేదు. అంతే. వైద్యుల మాట కావాలంటే ఫియెబ్రె దె ఒరీహెన్ దెస్కొనొసీదో ఉంది, కారణం తెలియని జ్వరం అని. దాన్నీ వద్దంది. సుపీమోస్ చాలంది, ఆ క్రియలో "మేము" ఉంది కాబట్టి.

ఇన్నేళ్ల పాఠాల్లో నేను తక్కువగా చెప్పిన విషయం ఇదే. నాలుగు నామవాచకాల్లో ఏది సరైనదని తలబద్దలు కొట్టుకుంటున్నప్పుడు ఐదో దారి ఒకటుంటుంది, నామవాచకం లేకుండా చెప్పడం. ఇది నేర్చుకునేవాళ్లకు ముందే చెప్పాలి. బీ2 స్థాయిలో పెద్ద మాట పెడితే మార్కులొస్తాయనే భ్రమ పిల్లల్లో గట్టిగా ఉంది.

తర్వాత

దిద్దిన ఉత్తరం వెళ్లింది. అవతల నుంచి క్షమాపణ వచ్చింది, దాంతోపాటు మామ్మ గురించి ఇంకా చెప్పమని అడిగింది. గుడి గురించి ప్రశ్న ఒక్కటే: శివరాత్రి ఎప్పుడొస్తుంది?

ఆ తర్వాత రెండు నెలలు ఆమె రాతలు గమనించాను. సెక్రేతో, మిస్తేరియో కలగలవలేదు. ఒకసారి ఎవరూ నేర్పకుండానే సెక్రేతో ఆ బోసెస్ వాడింది. అంటే అందరికీ తెలిసినా పైకి ఎవరూ ఒప్పుకోని విషయం, మన బహిరంగ రహస్యం. ఎనిగ్మాకు స్త్రీలింగం మరో రెండుసార్లు పడింది. మాట్లాడేటప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు పడుతుంది.

కొత్తగా ఒకటి తగిలింది. నాన్న గురించి రాస్తూ "గుట్టుగా బతికే మనిషి" అనాలనుకుంది. గుట్టు అంటే సెక్రేతో అని ఇప్పుడు తెలుసు కాబట్టి "సెక్రేతోలో బతుకుతాడు" అని రాసింది. అది చదివితే పోలీసులకు దొరక్కుండా తిరిగేవాడు అనిపిస్తుంది. గుట్టుగా అన్నప్పుడు మనం చెప్పేది వేరు: లేమి బయటపడనివ్వడు, ఎవరి దగ్గరా చేయి చాచడు, ఇంటి మాట వీధిలోకి రానివ్వడు. స్పానిష్‌లో దిస్క్రేతో ఉంది, రెసెర్బాదో ఉంది. మొదటిది ఎక్కడ ఎంత మాట్లాడాలో తెలిసినవాడు, రెండోది మనసు విప్పనివాడు. రెండూ కొంతవరకే సరిపోతాయి, ఆ పేదరికపు మర్యాద రెంటిలోనూ లేదు.

పోయిన ఆదివారం దానికోసం ఆమె ఒక పూర్తి వాక్యం రాసుకొచ్చింది: మా నాన్న ఇంట్లో బియ్యం లేని రోజున కూడా ఎవరైనా వస్తే తిన్నారా అని అడుగుతాడు. స్పానిష్‌లో రాసింది, ఒక్క అక్షరం దిద్దాల్సిన అవసరం రాలేదు.